పెద్దలు చెప్పే కథలు అడవి హక్కుకు సాక్ష్యంగా నిలుస్తాయా?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: నల్లమల అడవిలో, లింగాల మండలంలోని మీ చెంచు పెంటలో (గూడెంలో) చదువుకున్న యువకులు కొందరు కలిసి, పెద్దల కథలు, పాటలు, అడవి జ్ఞాపకాలు సెల్‌ఫోన్‌లో చిత్రీకరించి యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటున్నారు. దానివల్ల సంస్కృతి నిలుస్తుందని, యురేనియం తవ్వకాల వంటిది మళ్లీ ముందుకొస్తే అడవిని కాపాడుకోవడానికి అక్కరకొస్తుందని మీ ఆశ. అయితే పెంట పెద్దమనిషి ఒకాయన "మన ముచ్చట్లు అందరి నోళ్లల్ల పడితే మనకేం మిగుల్తది" అని అడ్డు చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అడుగుతున్నారు.

నేను పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో అటవీ హక్కుల దరఖాస్తులు రాయించడంలో, పెద్దల మాటలను కాగితం మీదికి ఎక్కించడంలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి. చెంచును కాను. కాబట్టి మీ కథల్లో ఏది చెప్పాలి, ఏది దాచుకోవాలి అన్న విషయంలో నా మాటకు విలువ లేదు. చెప్పదలచుకున్న కథ అధికారుల ముందు, చట్టం ముందు, పట్నం జనం ముందు ఎలా నిలబడుతుందన్నది మాత్రం చెప్పగలను. నా సలహా ఒక్కటే: కథను ముందు గ్రామసభ రిజిస్టరులోకి తీసుకురండి, యూట్యూబ్‌ సంగతి ఆ తర్వాత చూడవచ్చు. ఆ పెద్దాయన అభ్యంతరాన్ని అడ్డంకిగా చూడకండి. పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఎందుకంటే, చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, అటవీ హక్కుల గుర్తింపు చట్టం నోటిమాటను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. 2006లో వచ్చి 2007 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం కింద చేసిన నియమావళిలో 13వ నియమం సాక్ష్యాల జాబితా ఇస్తుంది. పట్టాలు, ఓటరు గుర్తింపు కార్డులు, అటవీ శాఖ రికార్డుల వంటి కాగితాలతో పాటు, దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం రాతపూర్వకంగా ఉంటే అది కూడా సాక్ష్యమేనని అందులో స్పష్టంగా ఉంది. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఆ ప్రాంతంలో మీ ప్రాచీనతకు రుజువులు. పవిత్ర వృక్షాలు, తోపులు, నీటి మడుగులు సామూహిక హక్కులకు ఆధారాలు. పూర్వపు సంస్థానాల కాలంనాటి రికార్డులు, ఆచార వ్యవహారాలపై పేరున్న సంస్థలు చేసిన అధ్యయనాలు కూడా చెల్లుతాయి. ఇలాంటి ఆధారాల్లో కనీసం రెండు ఉంటే దరఖాస్తు పెట్టవచ్చు. ఉపగ్రహ చిత్రాల్లో మీ సాగు కనిపించడం లేదనో, మీ దగ్గర పాత కాగితం లేదనో తోసిపుచ్చడం కుదరదు. ఉపగ్రహ చిత్రాలను మిగతా సాక్ష్యాలకు తోడుగా చూడవచ్చు తప్ప వాటికి బదులుగా వాడకూడదని 2012 సవరణలో చేర్చారు. షెడ్యూల్డు తెగలవారిని 75 ఏళ్ల నివాసం రుజువు చేయమని అడిగే అధికారం కూడా ఎవరికీ లేదు. ఆ షరతు ఇతర సంప్రదాయ అటవీ నివాసులకే వర్తిస్తుంది. ఇప్పటికీ మండల స్థాయిలో ఆ ప్రశ్న వేసేవారున్నారు కనుక ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కథ సాక్ష్యంగా ఎలా మారుతుందో దగ్గరగా చూద్దాం. ఒక పెద్దమ్మ ఇలా చెప్పిందనుకోండి (ఇది నమూనా కోసం నేను అల్లినది): "మా పెంటకు పొద్దుపొడుపు దిక్కున మామిడి చెలిమె ఉన్నది. లింగమయ్య దూపగొని ఆడ వంగి నీళ్లు తాగిండని మా నాయనమ్మ చెప్పేది. అందుకే ఆ చెలిమెల చెప్పులతోని దిగం, బట్టలు ఉతకం. ఎండకాలం పై పెంటోళ్లు గూడ వచ్చి ఆ నీళ్లే తాగుతరు. దాని పైన ఉన్న తపసి చెట్లకు గాట్లు పెట్టం." ఆమె చెప్పింది దేవుడి కథే. కానీ అందులో ఒక సరిహద్దు గుర్తు ఉంది, కనీసం మూడు తరాల వాడకం ఉంది, నీటిని చెడగొట్టకూడదన్న కట్టుబాటు ఉంది, పక్క పెంటవారితో పంచుకునే సామూహిక హక్కు ఉంది, బంక తీసే చెట్లను ఎక్కడ వదిలేయాలన్న సంరక్షణ నియమం కూడా ఉంది. దరఖాస్తు ఫారంలోని గడులన్నీ దాదాపు ఈ అయిదారు వాక్యాలతోనే నిండుతాయి. చిత్రీకరించేటప్పుడు సాధారణంగా జరిగేదేమిటంటే, లింగమయ్య దగ్గరికి రాగానే నేపథ్య సంగీతం పెట్టి, చెలిమె ఎక్కడుందో, ఎవరు తాగుతారో చెప్పిన ముక్కను కత్తిరించేస్తారు. చూసేవారికి నచ్చేది నిలుస్తుంది, మీకు అక్కరకొచ్చేది పోతుంది.

తేనె తీసే పద్ధతి గురించి పెద్దలు చెప్పే మాటలను కూడా ఈ దృష్టితోనే వినండి. కొండ చరియ మీదినుంచి తాడు కట్టుకుని పెద్ద తేనెపెర దాకా దిగేవాడికి పైన తాడు పట్టుకునేది బావమరిది అయివుండాలని నల్లమలలో చెప్పుకుంటారు. తోబుట్టువు పసుపుకుంకాలు తన చేతిలో ఉన్నవాడు తాడు వదలడన్నది దాని వెనక ఉన్న ఆలోచన. బయటివారికి ఇది ముచ్చటైన విశేషంగా కనిపిస్తుంది, పత్రికల్లో కూడా అంతవరకే వస్తుంది. మీరు మాత్రం ఇంకొన్ని ప్రశ్నలు అడగండి. ఆ చరియ పేరేమిటి? ఏ ఇంటిపేరువారు అక్కడ దిగేవారు? పక్క పెంటవారు దిగాలంటే ఎవరిని అడగాలి? పెరలో ఎంత కోసి ఎంత వదలాలి? తాడు ఏ నారతో పేనేవారు, ఆ చెట్టు ఇప్పుడు ఎక్కడ దొరుకుతోంది? తేనె, మైనం, బంక, గడ్డలు, వేళ్లు చట్టం నిర్వచించిన చిన్నతరహా అటవీ ఫలసాయంలోకే వస్తాయి; వాటి మీద యాజమాన్య హక్కు, సేకరించి అమ్ముకునే హక్కు అడవిలో నివసించే షెడ్యూల్డు తెగలకు ఉన్నాయి. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు ఆ హక్కు ఎక్కడిదాకా పరుచుకుని ఉందో చూపిస్తాయి. చెంచుగడ్డలు తవ్వినప్పుడు తీగ మొదలును తిరిగి మట్టిలో కప్పేయడం వంటి అలవాట్లు చెప్పినప్పుడు వాటిని కూడా వదలకుండా రాసుకోండి. చట్టంలోని 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇస్తుంది. ఆ పనిని మీవారు ఎప్పటినుంచో చేస్తున్నారని చూపించడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు.

వేట కథల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఈ చట్టం వేట హక్కును గుర్తించదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. గారెల మైసమ్మకు మొక్కి అడవిలోకి పోవడం, విల్లు చేసే కర్ర ఎంపిక, జంతువుల అడుగుజాడలు చదవడం మీ వారసత్వంలో విడదీయలేని భాగాలు కనుక వాటిని దాచనక్కర్లేదు. కానీ బతికున్న మనిషి పేరు, ఇటీవలి సంవత్సరం, జంతువు, స్థలం నాలుగూ ఒకేచోట చేరే విధంగా ఏ రికార్డింగూ ఉండకూడదు.

ఇక ఒక్కొక్క పెంట కథ వేరువేరుగా ఉండిపోతే దాని బలం తక్కువ. చెంచులు ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన దుర్బల గిరిజన సమూహాల్లో ఒకరు. దేశంలో అలాంటి సమూహాలు 75 ఉన్నాయి. ఈ సమూహాలకు వ్యక్తిగత పట్టాలు, సామూహిక హక్కులు కాక, ఆవాస హక్కు అని మరొకటి ఉంది. ఇళ్లూ పొలాలే కాదు, తరతరాలుగా బతుకుతెరువు కోసం, పూజల కోసం, చుట్టరికాల కోసం తిరిగే మొత్తం నేలను అది పరిగణిస్తుంది. ఈ సమూహాలన్నిటికీ ఆవాస హక్కులు అందేలా చూసే బాధ్యతను 2012 నాటి సవరించిన నియమాలు హక్కుల దరఖాస్తులను తేల్చే జిల్లా స్థాయి కమిటీ మీద పెట్టాయి. మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో బైగాలకు ఈ హక్కు మొదట దక్కింది. ఛత్తీస్‌గఢ్‌లో కమార్లకు 2023లో వచ్చింది. ఇలాంటి హక్కుకు పటం గీయాలంటే సర్వే గొలుసు చాలదు. ఏ ఇంటిపేరువారు ఏ పెంట నుంచి ఏ పెంటకు పిల్లనిచ్చారు, ఏ దేవర దగ్గర ఎవరు కలుస్తారు, వానకాలం ఎక్కడ, ఎండకాలం ఎక్కడ అన్నవే దాని ఎల్లలు. చిగుర్ల, నిమ్మల, తోకల, మండ్లి వంటి ఇంటిపేర్లు అప్పాపూర్ చుట్టుపక్కల పెంటల నుంచి కృష్ణకు ఆవలి ఒడ్డు దాకా ఎలా వ్యాపించాయో చెప్పగలిగిన ముసలమ్మ ఒక్కతె ఉన్నా చాలు, ఆమె దగ్గర కూర్చుని వంశవృక్షం గీసుకోండి. ఆ పటం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఆగదు, నల్లగొండ జిల్లాలోకీ పోతుంది. జిల్లాల మధ్య పడే క్లెయిములను సమన్వయం చేయడం జిల్లా కమిటీ విధుల్లో ఒకటి కాబట్టి, "అది మా జిల్లా కాదు" అన్న జవాబుతో తిరిగి రాకండి.

ఇందుకు మీకు పాత ఆధారం ఒకటి సిద్ధంగా ఉంది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి చేసిన అధ్యయనం 1943లో పుస్తకంగా వచ్చింది. ప్రతి పెంట సమూహానికి తనదైన అడవి భాగం ఉండేదని అందులో నమోదైంది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ సంస్థ దగ్గర ఉన్నాయి. వీలైతే వాటిని తెప్పించి పెద్దలకు చూపించండి. ఏ చెట్టు, ఏ గుడిసె తీరు, ఏ వాగు అని వారు గుర్తుపట్టే ప్రతి మాటా రాసుకోండి. మీ తాతముత్తాతల బొమ్మలు ఎక్కడో విదేశంలో భద్రంగా ఉండి, పెంటలో మాత్రం ఒక్కటీ లేకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడని విషయం. మీ పెద్దమనిషి అన్న మాటలో ఉన్న భయం కూడా ఇలాంటిదేనని నేననుకుంటాను. ఎవరో వచ్చి రాసుకుపోతారు, ఎవరో బొమ్మలు తీసుకుపోతారు, తర్వాత ఆ మాట మీద మనకు పట్టు ఉండదు.

ఆ భయానికి ఆధారం ఉంది. కేరళలోని కాణి తెగవారు అడవిలో నడిచేటప్పుడు అలసట రాకుండా నమిలే ఆరోగ్యపచ్చ అనే మొక్క గురించి 1987లో తమ వెంట వచ్చిన శాస్త్రవేత్తలకు చెప్పారు. దాని నుంచి జీవని అనే మందు తయారైంది, 1995లో ఒక ఔషధ సంస్థకు తయారీ హక్కు ఇచ్చారు, వచ్చిన రుసుములో సగం కాణివారికి అన్న ఒప్పందం కుదిరింది. మనదేశంలో లాభాల పంపకానికి తొలి ఉదాహరణగా దీన్నే చెబుతారు. కానీ మొక్క పేరు చెప్పిన క్షణంలో వారికి ఏ చట్టమూ అండగా లేదు, 2002 నాటి జీవవైవిధ్య చట్టం అప్పటికి పుట్టలేదు. ఇప్పుడు ఆ చట్టం కింద పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. రిజిస్టరు రాయడానికి బయటి నుంచి ఎవరు వచ్చినా, మందు మొక్క పేరు, వాడే భాగం, మోతాదు మూడూ చెప్పేయకుండా, ఎంతవరకు చెప్పాలో ముందు పెంటలో కూర్చుని తేల్చుకోండి. ఆకుపసరు వైద్యం తెలిసిన పెద్దలను కెమెరా ముందు కూర్చోబెట్టి వైద్య రహస్యాలు చెప్పించే వీడియోలు మీ ఛానల్లో వద్దు. ఎక్కువమంది చూస్తారన్నది నిజమే. ఎక్కువమంది తవ్వుకుపోతారన్నది కూడా అంతే నిజం.

కాబట్టి రికార్డింగులను మూడు కుప్పలుగా విడగొట్టమని చెబుతాను. పెంట దాటి పోకూడనివి: సమాధుల చోట్లు, తేనె చరియల అసలు స్థానం, వైద్యం, ఆడవాళ్లు తమలో తాము పాడుకునే కొన్ని పాటలు. గ్రామసభకు, హక్కుల కమిటీలకు మాత్రమే ఇచ్చేవి: సరిహద్దులు, వంశవృక్షం, వాడకం వివరాలు. అందరికీ చూపగలిగినవి: పండుగ పాటలు, పొడుపుకథలు, చిన్నపిల్లలకు చెప్పే కథలు, చెప్పినవారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్న అనుభవాలు. ఏ కుప్పలో ఏది పడాలో చెప్పినవారూ, పెంట పెద్దలూ తేల్చాలి. ఫోను పట్టుకున్న కుర్రవాడు కాదు. పాడిన గొంతుకు హక్కు ఉందన్న సంగతి కూడా మరవకండి. కాపీరైటు చట్టం ప్రకారం ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంటుంది. సినిమావారో ఆల్బమ్ చేసేవారో పాట అడిగితే, పాడిన మనిషి పేరు, పెంట పేరు, ఇచ్చే మొత్తం రాతలో లేకుండా ఒక్క ముక్క కూడా ఇవ్వవద్దు.

మీరు ప్రస్తావించిన యురేనియం విషయానికి వస్తాను. 2019 మే నెలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర సర్వే, అన్వేషణలకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దాదాపు 4,000 బోర్లు వేస్తారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ వేసవి, వానకాలాల్లో పెంటల నుంచి అమ్రాబాద్, పదర, దేవరకొండ దాకా ఊళ్లు కదిలాయి, పట్నంలో సినిమావారు కూడా నల్లమలను కాపాడాలని గొంతు కలిపారు, సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇది విజయమే. అయితే ఆ ఉద్యమంలో బయట ఎక్కువగా వినిపించినది పులి గురించి, హైదరాబాద్ తాగునీటి గురించి. చెంచుల మాట ఒకటి రెండు దృశ్యాలకు పరిమితమైంది. సినిమాల్లో ఆకులు కట్టుకుని కనిపించే చెంచితను చూసి పెరిగిన ప్రేక్షకులకు, గ్రామసభలో చట్టం పేరు చెప్పి ప్రశ్నించే చెంచు మహిళ కొత్తగా కనిపించడంలో వింత లేదు. ఆ చిత్రాన్ని మార్చగలిగింది మీరే.

నీటి ముచ్చట మాత్రం వదులుకోకండి. అది నల్లగొండ వైపు మరీ బలమైనది. 2003లో పెద్దవూర, దేవరకొండ ప్రాంతంలోని లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వకానికి ప్రతిపాదన వచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, అక్కడి తండాల వారు గట్టిగా వ్యతిరేకించారు. ఆ చోటు నాగార్జునసాగర్ జలాశయానికి, హైదరాబాద్‌కు నీరిచ్చే అక్కంపల్లి జలాశయానికి దగ్గర. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన జిల్లాలో, భూమిలోంచి వచ్చే విషం గురించి ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. పట్నంలో కుళాయి తిప్పే మనిషికీ మీ చెలిమెకూ మధ్య ఉన్న దారిని చూపించే కథ ఎప్పుడైనా దూరం పోతుంది. ఆ తండాల పెద్దలతో మీరు కలిసి పనిచేయడం మంచిది. వారి గోర్ (లంబాడీ) భాషకు సొంత లిపి లేదు, జ్ఞాపకమంతా సేవాలాల్ పాటల్లో, తీజ్ పండుగ పాటల్లో ఉంది. మీకు వచ్చే చిక్కులే వారికీ వస్తాయి, ఒకరి అనుభవం ఒకరికి పనికొస్తుంది.

పాత పద్ధతిలో ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లి మైకు అందుకుని మాట్లాడే అవకాశం మీద ఇకముందు ఆధారపడలేం. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల తవ్వకాలకు ఆ ప్రక్రియ నుంచి మినహాయింపునిస్తూ 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఆదేశాలు ఇచ్చింది. అందువల్ల అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకు ఉన్న అధికారం మునుపటికంటే విలువైనదైంది. నియమగిరి దీనికి పెద్ద ఉదాహరణ. ఒడిశాలో డోంగ్రియా కోందులు తమ కొండను నియమరాజు నివాసంగా కొలుస్తారు. అక్కడ బాక్సైట్ తవ్వకం వారి మత, సాంస్కృతిక హక్కులను దెబ్బతీస్తుందో లేదో గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పింది. ఆ ఏడాది సమావేశమైన 12 గ్రామసభలూ వద్దన్నాయి. ఆ సభల్లో మాట్లాడినవారు కొండ కథలే చెప్పారు, కానీ ఆ కథలు అధికారి ముందు, సభ మినిట్స్‌లో నమోదయ్యాయి. వార్తాచిత్రాలు ఎన్ని వచ్చినా, తవ్వకం ఆగింది ఆ మినిట్స్ వల్ల.

మీ దగ్గర తవ్వకం కన్నా ముందు ఎదురయ్యేది తరలింపు. అమ్రాబాద్ అభయారణ్యం కోర్ ప్రాంతం 2,166 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, పెంటల్లో చాలా భాగం అందులోనే ఉన్నాయి. స్వచ్ఛందంగా బయటికి వచ్చే కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షల రూపాయలకు పెంచారు. పోవాలా ఉండాలా అన్నది ప్రతి కుటుంబం సొంత నిర్ణయం. రోడ్డు, బడి, ఆసుపత్రి కావాలని కోరుకునేవారిని తప్పుపట్టే హక్కు నాకు గానీ మీకు గానీ లేదు. అయితే వన్యప్రాణి చట్టం ప్రకారమైనా, అటవీ హక్కుల చట్టం ప్రకారమైనా ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, తర్వాత గ్రామసభ అన్నీ తెలిసి స్వేచ్ఛగా ఒప్పుకోవాలి. హక్కులు నమోదు కాకముందే వెళ్లిపోయిన పెంటకు, తను వదిలి వచ్చినదేమిటో చూపించే కాగితం ఉండదు. పెద్దల వాంగ్మూలాలు ఇప్పుడే రాయించమని నేను తొందరపెట్టడానికి ఇదే ముఖ్య కారణం. ఉండేవారికీ, వెళ్లేవారికీ అవి సమానంగా పనికొస్తాయి. అభయారణ్యంలో పులుల జాడ తీయడానికి, బేస్ క్యాంపుల్లో కాపలాకు అటవీ శాఖ పెట్టుకున్నవారిలో చెంచులు ఎందరో ఉన్నారు కాబట్టి, ఆ శాఖలో మీ మాట విలువ తెలిసిన మనుషులు లేకపోలేదు, వారిని శత్రువులుగా లెక్కించి మొదలుపెట్టకండి.

నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతర సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలనిపిస్తోంది. చైత్ర పౌర్ణమికి "వస్తున్నాం లింగమయ్యా" అంటూ లోయలోకి దిగే జనం వేలల్లో ఉంటారు, పూజ చేసేది చెంచులే. వెళ్లిపోయాక జలపాతం కింద మిగిలేది నీళ్ల సీసాలు, కవర్లు. మీ ఛానల్లో మొదటి వీడియో ఏది ఉండాలంటే, ఆ లోయ కథను చెంచు పూజారి నోట, ఆ గుండంలో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్న కట్టుబాట్లతో సహా, జాతరకు నెల ముందు పెట్టండి. అది అందరికీ చెప్పదగినది, మీవారే చెప్పవలసినది, ఫలితం కూడా ఆ ఏడాదే కనిపిస్తుంది. అటవీ శాఖ బోర్డు మీద రాసిన నిషేధాన్ని పట్టించుకోని భక్తుడు, "లింగమయ్యకు ఇది గిట్టదు" అని పూజారి అంటే వింటాడు.

సాంకేతిక విషయాలు ఎక్కువ లేవు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, గాలి తగలని చోట కూర్చోబెట్టండి, మొదట తేదీ, స్థలం, చెప్పేవారి పేరు, వారి ఒప్పుకోలు వారి నోటనే పలికించండి. మీది తెలుగే అయినా దాని యాస, మాటలు వేరు. రాసేటప్పుడు వాటిని బడి తెలుగులోకి దిద్దకండి, దిద్దితే స్థలాల పేర్లు చెడి పటంతో కలవవు. ఒక కాపీ పెంటలో, ఒక కాపీ మీరు నమ్మే మరోచోట ఉంచండి.

కాగితం పని ఇలా నడవాలి. మీ ప్రాంతం షెడ్యూల్డు ప్రాంతమైతే పెంట తనకు తానే గ్రామసభగా కూర్చోవచ్చు. పంచాయతీ కేంద్రానికి అందరూ నడిచి వెళ్లనక్కర్లేదు. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలి, మూడింట రెండొంతులు షెడ్యూల్డు తెగలవారు, మూడింట ఒక వంతు మహిళలు. సామూహిక హక్కులకు ఫారం బి, సామూహిక అటవీ వనరుల హక్కుకు ఫారం సి. ఆవాస హక్కును ఫారం బి లోనే అడగాలి. పెద్దల వాంగ్మూలాన్ని చదివి వినిపించి, వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకుని, వీలైతే పక్క పెంట పెద్ద ఒకరి వాంగ్మూలం కూడా చేర్చండి. సరిహద్దు విషయంలో పొరుగువాడి మాటకు బరువెక్కువ. కథలో వచ్చే చెలిమెలు, చరియలు, దేవర చెట్ల దగ్గరికి కమిటీతో పాటు అటవీ, రెవెన్యూ సిబ్బందిని నడిపించి, వారు వచ్చినట్టు పంచనామా మీద సంతకాలు చేయించండి. పిలిచినా రాకపోతే పిలిచిన నోటీసు కాపీని జతపరచండి. సభకు సగంమంది హాజరు, అందులో మూడోవంతు మహిళలు ఉన్నారని రిజిస్టరులో కనిపించాలి. తీర్మానంతో సహా అచ్చంపేటలో సబ్ డివిజనల్ కమిటీకి అందించినప్పుడు తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. తిరస్కరిస్తే కారణాలు రాతలో ఇవ్వాలి, 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లే హక్కు మీకుంది. మన్ననూరు ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) ఒక కాపీ ఇచ్చి, దానికీ ముద్ర వేయించుకోండి.